ఏ తాడు బావా?

ఏప్రిల్ 6, ఆదివారం

అట్టపెట్టెల మీద ‘గాజు సామాను, మెల్లగా’ అని రాసే లావు పెన్నుతో రాస్తున్నాను. అక్షరాలు ఏనుగుల్లా వస్తున్నాయి. రానీ, చదివేది నేనే కదా. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ముఠాలో అందరికీ తెలుసు. అలాంటి నాకు ఇవాళ ఎవరికీ చెప్పకూడని మాట ఒకటి దొరికింది. చెప్పకపోతే పొట్ట పగిలేట్టుంది.

మా బావమరిది సైకిలు తొక్కుకుంటూ మెట్లెక్కాడు.

ఎక్కలేదు. కానీ ఎక్కాడు. రాస్తుంటేనే నవ్వొస్తోంది.

మా వీధి చివర పై వీధికి పోయే మెట్లున్నాయి. మెట్లంటే మెట్లు కావు, గోడకి నిచ్చెన వేసినట్టుంటాయి. ఎక్కేవాడి ముక్కు పై మెట్టుకి రాసుకుంటుంది. కింద ఓ కారే కుళాయి, పైన ఓ ఇనుప స్తంభం. బావమరిది రోజూ పై వీధిలో పార్సిళ్లు ఇచ్చి రావాలి. వాడికో గేర్ల సైకిలుంది, లావు టైర్లది. షాపువాళ్లు మౌంటెన్ బైక్ అంటారు. కొండలెక్కే ఆ సైకిలుని వీడు భుజాన వేసుకుని రొప్పుతూ మెట్లెక్కుతాడు. పార్సిలు ఆఫీసులో వాడి పేరు నత్త. “ఒరేయ్ నత్తా, నువ్వు సైకిలెక్కావా, సైకిలు నిన్నెక్కిందా?” అని రోజూ అదే జోకు, రోజూ అదే నవ్వు. ముప్పై దాటిన మనిషి, తిరిగి ఒక్క మాట అని ఎరగడు. వాళ్లక్క, అంటే మా ఆవిడ, వాణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడు తల వేలాడేసుకుని ఇంటికొచ్చిన రోజు ఆవిడ గిన్నెలు గట్టిగా తోముతుంది. ఆ చప్పుడు నేను వినలేను.

అందుకే చేశానని రాసుకుంటే బావుంటుంది. అందుక్కాదు. నాకు సరదా పుట్టింది.

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు దించడం నా పని. తాడుని స్తంభానికి ఒక్క చుట్టు చుట్టి కొస చేత్తో పట్టుకుంటే ఎంత బీరువా అయినా పిల్లికూనలా దిగుతుంది. బీరువా దిగగా లేనిది బావమరిది దిగడా? వాణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టి, మొహం పైకి తిప్పి, హ్యాండిల్‌కి తాడు కట్టి, పై నుంచి వెనక్కి వెనక్కి దించాను. ఫోను కింద, కుళాయి పక్కన ఇటుక మీద. వాడి వీపు తాడుని కప్పేసింది. నేను పైన గోడ చాటున. ఆ తరవాత ఫోనులో వీడియోని తిరగేశాను. అంతే! వెనక్కి దిగినవాడు ముందుకి ఎక్కుతున్నాడు. పెడళ్లు కూడా సరిగ్గా తిరుగుతున్నాయి. వెనక్కి దొర్లే సైకిలు పెడళ్లని వెనక్కి తిప్పుతుంది, తిరగేస్తే ముందుకి. ఈ తెలివే బళ్లో ఉన్నప్పుడు ఉంటే ఈపాటికి పెద్ద ఉద్యోగంలో ఉండేవాణ్ణి, ఇంకెవడిచేతో బీరువాలు దింపించుకునేవాణ్ణి.

మధ్యాహ్నమంతా పట్టింది. ఎండకి వీధిలో పురుగు లేదు. మొదట వాడు హ్యాండిల్‌ని కావలించుకుని ముందుకి వంగిపోయాడు. తాడు వదులైపోయి సైకిలు గుర్రంలా తన్నింది.

“వెనక్కి వాలరా! బరువంతా తాడు మీద వెయ్యి!”

“పడిపోతాను బావా.”

“పైన ఎవడున్నాడ్రా? నేనా, గాడిదా?”

“ఇంత దూరం నుంచి తేడా తెలియట్లేదు బావా.”

చూశావా, నా దగ్గరైతే వాడికి నోరు లేస్తుంది. “సగం సగం బరువేస్తేనే తాడు మోసం చేస్తుంది. మొత్తం వెయ్యి. భయమేసినప్పుడల్లా వెనక్కి వాలిపో. నేను పట్టుకుంటా,” అన్నాను.

మళ్లీ, మళ్లీ, మళ్లీ. చివరికి వాడి వీపు నేర్చుకుంది. చక్రం ఏ మెట్టు మీద కొంచెం జారినా వీపు దానంతటదే వెనక్కి వాలేది. సింహాసనం మీద రాజులా దిగాడు. తిరగేస్తే రాజులా ఎక్కాడు.

చూసి ఇద్దరం మెట్ల మీద పడి దొర్లాం. వాడు అంతలా నవ్వడం నా పెళ్లయ్యాక ఇదే చూడటం.

ఏప్రిల్ 7

పార్సిలు ఆఫీసులో ఒక్క ఫోనుకి పంపాను. ఒక్కదానికే. నిప్పుపుల్ల కూడా ఒక్కటి చాలు కదా.

ఏప్రిల్ 9

నత్త పోయింది. ఇప్పుడు వాడి పేరు రాకెట్.

“రాకెట్ వచ్చాడు, జరగండ్రా,” అంటున్నారట. వాడి బల్ల మీద ఎవరో టీ తెచ్చి పెట్టారట. ఇన్నాళ్లూ వాడే అందరికీ తెచ్చేవాడు. నవ్విన నాపచేనే పండిందని మా ఆవిడ మురిసిపోయింది. ఇవాళ గిన్నెలు తోమిన చప్పుడే లేదు. అసలు తోమిందా అని చూసొచ్చాను. తోమింది.

నమ్మనివాడు ఒక్కడే, పై వీధి సైకిల్ షాపాయన. మేం మీసాలాయన అంటాం, ఎదురుగా మాత్రం అనం. ఊళ్లో ఏ సైకిలు ఎక్కడ కూలబడ్డా ముందే చెప్పానంటాడు. పోయినేడు ఆయన షాపుకి ‘ఇచ్చట గాలియు, గాలి కబుర్లును కొట్టబడును’ అని అట్ట వేలాడదీసింది నేనే. మూడు రోజులు చూసుకోలేదు. ఇవాళ నన్ను ఆపాడు.

“ఏమయ్యా, మీవాడు ముందుకి వంగలేదేం?”

“వంగితే ఏమొస్తుంది?”

“మెట్లెక్కలేరని నేననను. వెడల్పుగా ఉన్న నాలుగు మెట్లు ఊపు మీద ఎక్కచ్చు. చిన్న గేరు, మెత్తటి టైర్లు, ఛాతీ తీసుకెళ్లి హ్యాండిల్‌కి ఆన్చాలి. అయినా సగంలో ఊపు చస్తుంది. ఈ నిచ్చెన మీద సోఫాలో కూర్చున్నట్టు కూర్చుంటే ముందు చక్రం లేచి వెల్లకిలా పడాలి. ఎందుకు పడలేదు?”

“నీ మీసాలంత బరువు వాడి మొహాన లేదు కాబట్టి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ వీడియో మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 13

ఇవాళ అన్నం తింటూ వాళ్లక్కకి చెప్పాడు, ఎలా ఎక్కాడో. “సగం దాకా బానే ఉందక్కా. అక్కడ గుండె జారింది. వెనక్కి చూశానో, అయిపోయాను అనుకున్నా. చూడలేదు. తొక్కేశాను.” చెప్పి నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేను నీళ్లు తాగుతున్నానేమో, ముక్కులోంచి వచ్చాయి.

శిష్యుడు గురువుని మించాడు.

ఏప్రిల్ 16

మా ఆవిడ వాడి ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఆ వీడియో చూసింది. మళ్లీ చూసింది. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

“ఏంటంత చూపు? నీ తమ్ముణ్ణి ఎప్పుడూ చూడలేదా?” అన్నాను.

“ఆ కుళాయి ఎవరూ బాగుచెయ్యరా?” అంది.

అంతే. ఫోను పెట్టేసి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 20

మళ్లీ చెప్పాడు, పక్కింటివాళ్లకి. ఈసారి కథ పెరిగింది. సగంలో చక్రం జారిందట, ఒక పావురం అడ్డొచ్చిందట, పైనున్న స్తంభం మీదే చూపు నిలిపాడట. బాగా చెప్పాడు. నాకే ఒళ్లు జలదరించింది.

కన్ను కొడతాడని చూశాను. కొట్టలేదు.

ఏప్రిల్ 21

దుమ్ము పడిందేమో కంట్లో. లేకపోతే మర్చిపోయుంటాడు.

ఏప్రిల్ 23

ఇవాళ పనిలోంచి వస్తూ మెట్ల దగ్గర వాణ్ణి చూశాను. కింద మెట్టు మీద నిలబడి పైకి చూస్తున్నాడు. సైకిలు లేదు. చేతులు హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకి పెట్టి, కళ్లు మూసుకుని, నడుం పైనుంచి మనిషి అటూ ఇటూ ఊగుతున్నాడు. పిలుద్దామని నోరు తెరిచాను. ఎందుకో పిలవలేదు. వాడు వెనక్కి వాలాడు. మెల్లగా, హాయిగా, ఎవరో పట్టుకుంటారన్నట్టు. పడబోయి కాలు వెనక్కి వేసి ఆపుకున్నాడు. కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. నన్ను చూడలేదు.

మనుషులకి రకరకాల కసరత్తులుంటాయి.

ఏప్రిల్ 25

అడిగేశాను. ఇద్దరం వెనక గదిలో ఉన్నాం. వాడు సైకిలు గొలుసుకి నూనె రాస్తున్నాడు.

“ఒరేయ్, ఆ రోజు తాడు నీ హ్యాండిల్‌కి ఎంత గట్టిగా కట్టానంటే, విప్పడానికి గోళ్లు పోయాయి గుర్తుందా?”

“ఏ తాడు బావా?”

నవ్వాను. వాడు నవ్వలేదు. మొహంలో వేళాకోళం లేదు. చిన్నప్పుడు ఎక్కం అడిగితే రానివాడి మొహం ఎలా ఉంటుంది, అలా ఉంది. నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

“ఏ తాడేంట్రా! బీరువా తాడు! నేను పైన...”

“నువ్వు పైన ఉన్నావు బావా, అది గుర్తుంది. నువ్వు కనిపిస్తే ధైర్యంగా ఉండింది.”

“ధైర్యం కాదురా, తాడు.”

“నువ్వెప్పుడూ ఇంతే బావా,” అన్నాడు, నూనె గుడ్డ మడత పెడుతూ. కోపంగా కాదు, జాలిగా. “ఎవడైనా ఓ మంచి పని చేస్తే దాన్ని జోకు చెయ్యకపోతే నీకు నిద్ర పట్టదు.”

నాకు నోట మాట రాలేదు. ఇలా జరగడం ఇదే మొదలు. తేదీ పైన ఉంది.

ఏప్రిల్ 26

రోజుకి ఎన్నిసార్లు చూస్తున్నాడో ఆ వీడియో. పొద్దున్నే పక్క మీద నుంచి లేవకుండా, అన్నం దగ్గర, బూట్లు వేసుకుంటూ. మనిషి దేన్ని ఎక్కువసార్లు చూస్తే అది జరిగిందే అవుతుంది కాబోలు. ఆ మధ్యాహ్నం ఎండలో మేం చేసింది వాడు చూసింది ఒక్క పూటే, అదీ వెనక్కి దిగుతూ. ఫోనులోది వందసార్లు.

అయినా దీని వల్ల ఎవడికి నష్టం? వాడు నిటారుగా నడుస్తున్నాడు. పొద్దున్న వాళ్లాఫీసు పెద్ద ఏదో అంటే ‘అలా కుదరదండీ’ అన్నాడట. మా ఆవిడ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. వాడు నమ్మితే నమ్మనీ. వీడియోలో ఎక్కుతాడు, నేల మీద భుజాన మోసుకెళ్తాడు, ఎవడి దారి వాడిది.

ఏప్రిల్ 27, ఆదివారం

మీసాలాయన అందరి ముందూ వాణ్ణి ఆపాడు. “నా ముందు ఎక్కి చూపించు తమ్ముడూ. ఎక్కితే నా మీసాలు తీసేస్తా.”

వీడు సరే అన్నాడు. గొంతు కూడా తడబడలేదట.

రేపు వెళ్లి ఆయనతో మాట్లాడతాను. తాడు సంగతి చెప్పేస్తాను. నాలుగు రోజులు నవ్వుతారు, వాణ్ణి మళ్లీ నత్త అంటారు, మా ఆవిడ గిన్నెలు తోముతుంది. మెడలు విరగడం కంటే గిన్నెలు నయం.

ఏప్రిల్ 28

వెళ్లాను. మాట్లాడాను. అనుకున్నట్టు కుదరలేదు.

ఏప్రిల్ 29

వాన పడితే బావుణ్ణు.

ఏప్రిల్ 30

రాయకూడదనుకున్నాను. నిన్న ఒక్క ముక్కతో సరిపెట్టాను కూడా. కానీ పుస్తకం దగ్గర కూడా బొంకితే ఇంక బీరువాలకి చెప్పుకోవాలి.

మీసాలాయన దగ్గరికి చెప్పేద్దామనే వెళ్లాను. ప్రమాణం చేసి రాస్తున్నాను. ఆయన టైరు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నేను “ఆ వీడియో సంగతి...” అన్నానో లేదో, తలెత్తకుండానే అన్నాడు:

“వెనక్కి తగ్గడానికి వచ్చావా? వాడు పంపాడా? చెప్పు వాడికి. నత్తకి రెక్కలు అతికిస్తే పక్షి కాదని.”

షాపులో ఇద్దరు ముగ్గురున్నారు. పార్సిలు ఆఫీసువాడొకడు కూడా. అందరూ ఇకిలించారు. నేను నవ్విస్తే వాళ్లు నవ్వాలి గానీ, నన్ను చూసి ఎవడైనా నవ్వితే నా తల నా మాట వినదు.

“తగ్గేదేంటి? తేదీ చెప్పడానికొచ్చా. ఆదివారం. మంగలికి చెప్పి ఉంచుకో,” అన్నాను.

తేదీ పెట్టింది నేను. వాడు కాదు.

మే 1

ఆదివారం లోపల ఆపుతాను. అడ్డుపుల్ల వెయ్యడంలో నన్ను మించినవాడు పుట్టాలి.

వాడు ఆఫీసుకి నడిచి వెళ్లాడు ఇవాళ. కాళ్లు గట్టిపడాలట. ఇదే అదను అని రెండు టైర్లలోనూ గాలి దాదాపు తీసేశాను. సీటు బిగించే నట్టు కూడా తీసి మా ఆవిడ గుండీల డబ్బాలో పడేశాను.

మే 2

తిట్టుకోవడానికి మాటలు చాలడం లేదు.

గాలి లేని సైకిలుని నడిపించుకుంటూ మీసాలాయన దగ్గరికే పోయాడు, పగవాడి దగ్గరికి! ఆయన చూసి, “ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. మెట్లకి ఇదే కావాలి. మెత్తటి టైరు మెట్టుని నాలుకలా చుట్టుకుంటుంది,” అన్నాడట. కొత్త నట్టు కూడా ఆయనే వేశాడట, సీటు కిందికి దించి. ముందుకి ఎలా వంగాలో షాపు ముందు నిలబెట్టి చూపించాడట. “పడితే నా మీదకి రాకూడదయ్యా,” అన్నాడట.

“మంచివాడు బావా ఆయన. పందెం పందేనికే,” అన్నాడు వీడు.

నేను కాస్త ఆగి, “ఒరేయ్, ఆరోజు నువ్వు వంగలేదు కదా. నిటారుగా కూర్చున్నావు. వంగకుండా ఎలా ఎక్కావో అది ఆలోచించు,” అన్నాను. ఇంతకంటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టలేను.

కొత్త నట్టుని వేలితో తిప్పి చూశాడు. “ఆ రోజు భయం లేదు బావా,” అన్నాడు.

మే 3, శనివారం

దండెం తాడు తెగిపోయిందని మా ఆవిడ పొద్దున్న అంది. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పెరట్లో కొత్త దండెం. బట్టలు ఆరుతున్నాయి. వాడి రేపటి చొక్కా కూడా, నీలంది.

దగ్గరికి వెళ్లి చూస్తే నా బీరువా తాడు. మూడు ముక్కలు చేసి, ముక్కకి ముక్క ముడేసి కట్టాడు.

“అటక మీద ఊరికే పడుంది బావా. ఇంత మంచి తాడు ఎందుకు తెచ్చావో నీకే తెలియాలి.”

ఇరవై ఏళ్లుగా నా అరచేతులకి తెలిసిన తాడు అది. వాడి చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. కిందికి.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి మమ్మల్నిద్దర్నీ చూస్తోంది. వాడు లోపలికి వెళ్లాక దగ్గరికొచ్చింది.

“ఏమండీ, పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం కాకూడదు.”

“ఏ పిల్లి?”

“నాకేం తెలుసు. మీకే తెలియాలి.”

“రెండు మెట్లెక్కి దిగిపోతాడే. మోకాలు దోక్కుంటుంది. మందు రాద్దువుగాని.”

తల ఊపింది. నా మాట నమ్మినట్టే ఊపింది. నేనూ నమ్మాను. నమ్మకపోతే ఇప్పుడు ఈ పుస్తకం మూసి వాడి గదిలోకి వెళ్లాలి కదా. మూస్తున్నాను. కానీ వెళ్లడం లేదు.

రెండు మెట్లు. అంతే. నాలుగు మెట్లలో సగానికే ఊపు చస్తుందని మీసాలాయనే చెప్పాడు.

మే 4, ఆదివారం

పడ్డాడు.

మే 7

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద రాస్తున్నాను. మా ఆవిడ లోపల ఉంది. ఒక్కరినే ఉండనిస్తారు.

ఆ పొద్దున జనం బాగానే వచ్చారు. పార్సిలు ఆఫీసువాళ్లు కుళాయి చుట్టూ. ఒకడు అదే ఇటుక మీద ఫోను పెట్టాడు. ఆ ఇటుక అక్కడే ఉంది, నేను తీసి పారెయ్యలేదు. మీసాలాయన పక్కగా నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. మా ఆవిడ రానంది, కానీ వచ్చింది.

వాడు నీలం చొక్కా వేసుకున్నాడు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. నన్ను పిలిచాడు.

“బావా, నువ్వు పైన నిలబడు. ఆ రోజులాగే.”

“ఈసారి గోడ చాటున కాదురా, ఎదురుగా నిలబడతా,” అని పరాచికమాడాను. అదీ పడేముందు నేను వాడితో అన్న ఆఖరు మాట. ఇంకే మాటైనా అనొచ్చు. ఎన్ని మాటలున్నాయి తెలుగులో.

ఎక్కి పైన స్తంభం పక్కన నిలబడ్డాను. నా చోటు అదే. ఇరవై ఏళ్లుగా ఏ మెట్ల మీదైనా నేను పైనే ఉంటాను, తాడు దగ్గర. కింద ఉండేవాళ్లు వేరే ఉంటారు. వెనక్కి పడేవాణ్ణి పట్టుకోవాలంటే కింద ఉండాలని చంటిపిల్లకి తెలుసు. నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు.

వాడు వీధి ఆ చివరి నుంచి ఊపు తెచ్చుకుని వచ్చాడు. ఎక్కాడు. ఇది నేను రాయాలి, ఇంకెవరూ రాయరు: వాడు ఎక్కాడు. తిరగేసింది కాదు, తాడుతో కాదు. మీసాలాయన నేర్పినట్టే ఛాతీ హ్యాండిల్‌కి ఆన్చి, పళ్లు బిగించి, మెట్టు మీద మెట్టు. రెండు కాదు, మూడు కాదు. ధడ్, ధడ్ మని ఆ చప్పుడు నా కాళ్లకి తెలుస్తోంది. కింద ఎవరూ అరవలేదు. వాడి కణతల మీద నరాలు కనిపించేంత దగ్గరికి వచ్చాడు. ఒక్క క్షణం నేనూ అనుకున్నాను, తాడు అనేది లేదేమో, నేనే కల్పించానేమో అని.

సగం దాటాక ఊపు చచ్చింది. ముందు చక్రం లేచింది. కొంచెమే. అప్పుడు పక్కకి దూకినా మోకాలితో పోయేది. తలెత్తి నన్ను చూశాడు. భయపడ్డాడు.

భయపడి, నేను నేర్పినట్టే, వెనక్కి వాలాడు. బరువంతా వేసి. సింహాసనం మీద రాజులా.

మీసాలాయన అడ్డం పరిగెత్తాడు. చేతులు అందలేదు. సైకిలు ఆయన మీద నుంచి పోయింది. ఆయన ముంజేయి విరిగింది. ఇప్పుడు పక్క వార్డులో ఉన్నాడు. పొద్దున చూడ్డానికి వెళ్తే, మీసాలు తీసేసుకుని ఉన్నాడు. ఆయనే అన్నాడు, “సగం దాటాడయ్యా. నేను చూశాను. నాలుగు మెట్లకి మించి కుదరదన్నాను. సగం దాటాడు.”

మే 9

కాళ్లు ఇంకా కదలడం లేదు. మెడకి పట్టా వేసి పడుకోబెట్టారు. డాక్టరు ‘చూద్దాం’ అంటున్నాడు. బీరువా తలుపు విరిగినప్పుడు ఇంటివాళ్లతో ‘చూద్దాం’ అంటాను నేనూ. ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

మే 10

కళ్లు తెరిచి మనుషుల్ని గుర్తుపడుతున్నాడని లోపలికి పిలిచారు. మంచం పక్కన వంగాను. ఏదో ఒకటి అని నవ్వించాలనుకుంటూ వెళ్లాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను. సైకిలు నిన్నెక్కిందిరా చివరికి, అని. ఛీ.

వాడు నన్ను చూశాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మా ఆవిడ దూదితో తడిపింది. కోపంగా అడగలేదు. ఉత్తినే, తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

“తాడెందుకు వదిలేశావ్ బావా?”

మే 11

మా ఆవిడ నిన్నట్నుంచి నాతో మాట్లాడలేదు. ఇవాళ వరండాలోకి వచ్చి బెంచీకి ఆ చివర కూర్చుంది. నా వైపు చూడకుండా అంది:

“కుళాయి నీళ్లు పైకి పోయాయి.”

అర్థం కాలేదు.

“ఆ వీడియోలో. చుక్కలు కిందనుంచి లేచి కుళాయిలోకి పోతున్నాయి. ఆ కిటికీ దగ్గరే చూశాను. వెనక్కి తిప్పారని తెలిసిపోయింది.”

“మరి చెప్పలేదేం?”

“వాడు నవ్వుతున్నాడు కదండీ,” అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇన్నేళ్లకి నవ్వుతున్నాడు కదా అని ఊరుకున్నాను. మీరు ఆపుతారనుకున్నాను.”

నేను ఆమె ఆపుతుందనుకున్నానని చెప్పలేదు. అది అబద్ధం. నేను ఎవరూ ఆపరనే అనుకున్నాను.

మే 12

బట్టల కోసం ఇంటికొచ్చాను. దండెం మీద ఏమీ లేవు. ముడులు గట్టిగానే ఉన్నాయి. లాగి చూశాను.

పార్సిలు ఆఫీసువాడు ఆ రోజు తీసిన వీడియో నా ఫోనుకి పంపి ఉన్నాడు. ‘అన్నా, మా ఫోనుల్లోంచి తీసేశాం. నీకు ఉండాలేమో అని’ అని రాశాడు.

చూడకూడదనుకుని చూశాను. తరవాత ఏ పాడు బుద్ధి పుట్టిందో, తిరగేశాను.

వాడు నేల మీద ఉన్నాడు. చుట్టూ మూగినవాళ్లు వెనక్కి వెనక్కి నడిచి ఎక్కడివాళ్లక్కడ సర్దుకున్నారు. మీసాలాయన లేచి, చెయ్యి బాగుచేసుకుని, పక్కకి వెళ్లి నిలబడ్డాడు. సైకిలు దొర్లుకుంటూ వచ్చింది. వాడు గాల్లోకి లేచాడు, మెట్ల మీదుగా పైకి తేలుతూ వచ్చి సీటు మీద కూర్చున్నాడు. రాజులా కూర్చున్నాడు. మెల్లగా ముందుకి వంగాడు. ఒక్కో మెట్టూ దిగుతూ, దిగుతూ, ఎక్కడా తడబడకుండా దిగి, వెనక్కి వెనక్కి వీధి ఆ చివరికి పోయి, మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు. వాడి చొక్కాకి చిన్న మరక కూడా లేదు. కుళాయి నీళ్లు కుళాయిలోకి పోతున్నాయి.

తలెత్తి పైకి చూశాడు. వాడు ఎటు చూశాడో నేనూ అటు చూశాను. పైన, స్తంభం పక్కన, నేను.

రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, నడుం వెనక్కి వేసి, రెండు చేతులూ ముందుకి చాచి, పిడికిళ్లు బిగించి ఉన్నాను. బీరువా దించేటప్పుడు అలాగే నిలబడతాను. అలా నిలబడ్డానని నాకు తెలియదు.

మళ్లీ ముందుకి తిప్పాను. వాడు ఎక్కాడు. నా పిడికిళ్లు బిగించి ఉన్నాయి. వాడు వెనక్కి వాలాడు. బిగించే ఉన్నాయి. వాడు పడ్డాడు.

వెనక్కి తిప్పాను. ఎటు తిప్పినా బిగించే ఉన్నాయి. వాటిల్లో ఏమీ లేదు.